శరణార్థి శిబిరాలలో కలరా: 1971 నాటి బన్‌గావ్ అనుభవం

యుద్ధకాలంలో మరణించే పౌరులందరూ తుపాకీ గుండ్లకే బలి అయినవారు కారు. ఇల్లు విడిచిన జనం ఒకేచోట కిక్కిరిసినప్పుడు మలం తాగునీటిలో కలుస్తుంది. కలరా, రక్తవిరేచనాలు, టైఫాయిడ్ వంటి పేగుల అంటువ్యాధులు ప్రబలుతాయి. మన పెద్దలు వాంతిభేది అనీ, గత్తర అనీ పిలిచిన కలరా వీటిలో అతి వేగంగా ప్రాణం తీయగలది. అందుకు కారణం ఒంటిలోని నీరూ లవణాలూ హరించుకుపోవడమే.

1971లో తూర్పు పాకిస్తాన్‌లో (నేటి బంగ్లాదేశ్) సైనిక దమనకాండకు భయపడి దాదాపు కోటిమంది సరిహద్దు దాటి భారతదేశానికి వచ్చారు. పశ్చిమ బెంగాల్ సరిహద్దు పట్టణమైన బన్‌గావ్ ఆసుపత్రిలో రెండు గదుల నిండా కలరా రోగులు నేలమీదే పడి ఉన్నారు. కలకత్తా నుంచి వెళ్లిన డాక్టర్ దిలీప్ మహలనబిస్‌కు రెండు రోజులలోనే పరిస్థితి అర్థమైంది: నరానికి ఎక్కించే సెలైన్ అందరికీ చాలదు, ఎక్కించడానికి శిక్షణ పొందినవారూ చాలరు.

గ్లూకోజ్ తోడైతే పేగు ఉప్పును, దానితోపాటు నీటినీ పీల్చుకుంటుందన్న సంగతి అప్పటికే తెలుసు. 1968లో ఢాకాలో కలరా రోగులపై నోటిద్వారా ఇచ్చే ద్రావణాన్ని పరీక్షించారు కూడా. అయినా వైద్యుల పర్యవేక్షణ లేకుండా శిబిరంలో దానిని వాడడానికి చాలామంది వెనుకాడేవారు. మహలనబిస్ సాహసించారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల తినేసోడా చొప్పున పొట్లాలు కట్టించారు. ప్లాస్టిక్ సంచుల మూతిని ఇస్త్రీపెట్టెతో అతికించారు! లీటరుకు అయిన ఖర్చు సుమారు 11 పైసలు. డ్రమ్ముల నుంచి పట్టి తాగించింది ఎక్కువగా రోగుల తల్లులు, అన్నదమ్ములు, బంధువులే. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన పర్యవేక్షణలో 3.6 శాతానికి దిగాయి.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. ఓఆర్‌ఎస్ విరేచనాలను ఆపే మందు కాదు. పోయిన నీటిని తిరిగి నింపేది. తాగించినా విరేచనం ఆగలేదని మానివేసే తల్లిదండ్రులు, నీళ్లిస్తే ఇంకా ఎక్కువవుతుందని బిడ్డ నోరు ఎండబెట్టే పెద్దలు మన ఊళ్లలో నేటికీ ఉన్నారు. పొట్లం దొరకని వేళ లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు (టీ చెంచాతో, తలకొట్టి) కలపవచ్చు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్న పొట్లంలో ఉప్పు, గ్లూకోజ్ రెండూ మునుపటికన్నా తక్కువే.

మహలనబిస్ 2022 అక్టోబరులో మరణించారు. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు.