గుండ్రాయి జారింది, కంకర నిలిచింది

విశాఖలో ఒక్క తుపాను వాన చాలు, గేటు నుంచి పోర్టికో దాకా అందంగా పరిచిన గులకరాళ్లలో సగం వీధి కాలువలో తేలతాయి. మిగిలినవి కారు చక్రాలకు పక్కలకు చెదిరి, నడుమ రెండు గాళ్లు పడతాయి. ‘ఇంకో లోడు దించుదాం సార్’ అంటాడు మేస్త్రి. ఎన్ని లోడ్లు దించినా అంతే. తేడా రాయి ఆకారంలో ఉంది. ఈ సంగతి రెండు వందల ఏళ్ల కిందటే స్కాట్లండ్‌లో పుట్టిన ఒకాయన పట్టుకున్నాడు.

ఆయన జాన్ లౌడన్ మెక్‌ఆడమ్. 1816లో బ్రిస్టల్ ప్రాంతపు రోడ్లకు సర్వేయరయ్యాడు. పేరుమోసిన ఇంజినీరు థామస్ టెల్ఫోర్డ్ అడుగున పెద్ద బండలు పేర్పించి, పైన చిన్న రాళ్లు వేయించేవాడు. రోడ్డు గట్టిదే, ఖర్చే తడిసి మోపెడు. మెక్‌ఆడమ్ ఆ బండలు వద్దన్నాడు. బరువు మోసేది నేల. దాన్ని పొడిగా ఉంచితే చాలు. అందుకే దారిని చుట్టుపక్కల నేలకన్నా ఎత్తు చేసి, నడుమ కాస్త ఉబ్బుగా ఉంచి, నీళ్లు పక్కలకు జారేలా చేశాడు. పైన పరిచేది పగలగొట్టిన రాయే, అదీ ఆరు ఔన్సులు, అంటే సుమారు 170 గ్రాములు దాటకూడదు. బండ్లు తిరిగేకొద్దీ ఆ కోసు మూలలు ఒకదాన్నొకటి పట్టుకుని బిగిసిపోతాయి. నున్నటి గుండ్రాయికి పట్టుకునే మూలేదీ?

మోటారు కార్లు వచ్చాక దుమ్ము గోల మొదలైంది. 1901లో ఇంగ్లండులో డెన్‌బీ ఇనుప కర్మాగారం దగ్గర ఎడ్గార్ హూలీ అనే సర్వేయరు ఒక చోట ఆగాడు. రోడ్డు మీద తారు పీపా పగిలితే ఎవరో కొలిమి స్లాగ్ పోసి కప్పేశారు. అక్కడ దుమ్ము లేదు, గాళ్లూ లేవు. మరుసటి ఏడే పేటెంటు తీసుకున్నాడు. అదే టార్‌మాక్. ఉక్కు కర్మాగారాన్ని పోరాడి తెచ్చుకున్న మన ఊరికి స్లాగ్ కొత్త కాదు. అయితే ఇంటి ముందు వేసేటప్పుడు ఏ స్లాగో అడగండి. ఉక్కు తీసేటప్పుడు వచ్చే స్లాగ్‌లో కలవని సున్నం మిగిలి ఉంటుంది. ఎండకూ వానకూ మాగనివ్వకపోతే తడికి ఉబ్బి దారిని పగలదీస్తుంది.

రాయి విషయంలోనూ అంతే. కైలాసగిరి, సింహాచలం కొండలది ఖోండలైట్. వానకూ గాలికీ తొందరగా ఎర్రమట్టవుతుంది. క్రషర్‌లో ఆడిన గట్టి నల్లరాయి అడిగి తెచ్చుకోండి. అడుగున 40 ఎంఎం మెటల్, పైన 20 ఎంఎం చిప్స్, సందుల్లోకి కాస్త డస్ట్, నీళ్లు చల్లి రోలర్. డస్టూ నీళ్లూ మెక్‌ఆడమ్ తర్వాతివాళ్లు చేర్చినవే.

ఇంటి దారి ఇరుకు కాబట్టి చక్రం అంచు మీదికే ఎక్కుతుంది. సైడు రాళ్లను జానెడు లోతున కాంక్రీటులో దించి, నీళ్లు పోవడానికి అక్కడక్కడ సందు వదలండి. వానాకాలం ముందు ఆ అంచు పని ముగించండి, కంకర లోడుకు ఆ తర్వాతే ఫోన్ చేయండి.