జూలో పులి కనబడకపోతే



వేసవి సెలవులు రాగానే పిల్లలు "అమ్మా, జూకి ఎప్పుడు?" అని వెంటబడతారు. ఊళ్ళ నుంచి చుట్టాలొచ్చినా అంతే. చార్మినారు, సాలార్జంగ్ మ్యూజియం, ఆ తర్వాత బహదూర్‌పురాలో జూ. పులిహోర కలిపి, పెరుగన్నం క్యారియర్లో సర్ది పొద్దున్నే బయల్దేరతాం. సాయంత్రం కాళ్ళు పీకుతూ ఇల్లు చేరాక "ఎలా ఉంది?" అని పక్కింటావిడ అడిగితే మనలో చాలామంది చెప్పే జవాబు ఒకటే: "ఏముందండీ, పులి ఎక్కడో చెట్టుకింద పడుకుంది, సరిగ్గా కనబడనే లేదు." టిక్కెట్టు డబ్బులు దండగ అన్నట్టు మాట్లాడతాం. అలా కనబడకపోవడం వెనక పెద్ద చరిత్రే ఉంది. ఈ రోజు మీతో చెప్పదలచుకున్నది అదే.

హైదరాబాదు వాళ్ళకి జూ మొదట నాంపల్లిలోనే ఉండేది. బాగే ఆమ్, అంటే మనం పబ్లిక్ గార్డెన్స్ అనే తోటలో. ఆ కాలపు జంతుశాలలన్నీ ఇంచుమించు ఒకే తీరు. ఇనుప ఊచలు, గచ్చు నేల, ఆ మూల నుంచి ఈ మూలకు తిరిగే జంతువు. చూడటానికి వచ్చినవాళ్ళకి ఎంత హాయి! పులి మన ముక్కు ముందే. దానికి దాక్కునే చోటు లేదు కాబట్టి కనబడక చేసేదేముంది?

ఈ ఊచలు తీసెయ్యవచ్చునని ప్రపంచానికి చూపించినవాడు జర్మనీ దేశపు కార్ల్ హాగెన్‌బెక్. చేపలమ్ముకునే ఇంట్లో పుట్టి జంతువుల వ్యాపారిగా మారినవాడు. 1907లో హాంబర్గు దగ్గర తన జంతుశాల తెరిచి, జంతువుకీ మనిషికీ నడుమ ఊచలకు బదులు కందకం తవ్వించాడు. మన గోల్కొండ కోటకు శత్రువు రాకుండా తవ్వినట్టే, ఇక్కడ జంతువు దాటి రాకుండా. ఇదే పెద్దమనిషి దూరదేశాల మనుషుల్ని కూడా తెచ్చి ప్రదర్శనకు పెట్టాడు లెండి. అందుచేత ఆయన్ని మరీ ఆకాశానికెత్తనక్కర్లేదు. కందకం ఆలోచన మాత్రం మంచిది, నిలిచింది.

మన నెహ్రూ జంతు ప్రదర్శనశాల ఆ పద్ధతిలోనే రూపొందింది. 1959లో దాన్ని ఏర్పాటు చెయ్యాలని నిర్ణయించారు. మీరాలం చెరువు పక్కన 380 ఎకరాల నేలలో కట్టి, 1963 అక్టోబరు 6న జనానికి తెరిచారు. నాంపల్లి తోటలోని జంతువులన్నీ ఇల్లు మారాయన్నమాట.

అలా మారినవాటిలో ఇద్దరు మొన్నమొన్నటి దాకా మన మధ్యనే ఉన్నారు. ఒకరు రాణి అనే ఏనుగు. 1938లో పుట్టింది. కొత్త జూకి వచ్చేసరికి పాతికేళ్ళ పడుచు. పాతబస్తీ వాళ్ళకి దాని పేరు బాగా తెలుసు. మొహర్రం ఊరేగింపులోనూ నడిచింది, బోనాల్లోనూ నడిచింది. మతాల గొడవ దానికేం తెలుసు పాపం! 2021 జూన్‌లో, 83వ ఏట కన్నుమూసింది. రెండోది మహాతాబేలు. 2024 మార్చిలో చనిపోయినప్పుడు దాని వయసు 125 ఏళ్ళన్నారు. ఆ లెక్కన అది పుట్టేనాటికి ఇక్కడ ఆరవ నిజాం పరిపాలిస్తున్నాడు! బాగే ఆమ్ రోజులూ, 380 ఎకరాల రోజులూ రెండూ చూసినవి ఈ రెండే అనిపిస్తుంది నాకు. అడగటానికి వాటికి నోరు లేదు.

జూ తెరిచాక మార్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1974లో సింహాల సఫారీ పెట్టారు. ఇక్కడ బోనులోకి ఎక్కేది మనం, అంటే ఊచలున్న బండిలోకి. సింహాలు బయట తిరుగుతాయి. 1982లో నిశాచర జంతుశాల వచ్చింది. ఇది నాకు చాలా ఇష్టమైన చోటు. దేవాంగపిల్లి, పునుగుపిల్లి, గబ్బిలం లాంటివి రాత్రిపూట మేలుకునే జంతువులు. లోపల పగలు చీకటి చేసి, రాత్రి దీపాలు వెలిగిస్తారు. మన పగలు వాటికి రాత్రి అవుతుంది. మసక వెలుతురులో దేవాంగపిల్లి గుండ్రని కళ్ళు కనబడాలంటే అయిదు నిమిషాలు కదలకుండా నిలబడాలి. మనమేమో పిల్లవాడి చెయ్యి పట్టుకుని అర నిమిషంలో అవతలి తలుపులోంచి బయటికొచ్చి "ఏమీ లేదు, చీకటి" అంటాం.

తక్కిన రెండు జూల మాట కూడా చెప్పాలి. విశాఖపట్నంలో కంబాలకొండ పక్కన 1977లో, తిరుపతిలో 1987లో తెరిచారు. తిరుపతిది అయిదువేల ఎకరాలు దాటిన అడవి. సర్కసుల్లో పులుల చేత, సింహాల చేత ఆటలాడించడం ప్రభుత్వం నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. మరి ఆ ముసలి సింహాలు ఎక్కడికి పోవాలి? వాటికోసం ఈ రెండు జూల దగ్గరా ఆశ్రయాలు కట్టారు. వాటిని జనానికి చూపించరు, పిల్లల్ని కననివ్వరు. బతికినన్నాళ్ళు తిండి పెట్టి, వైద్యం చేసి సాగనంపడమే. వృద్ధాశ్రమం అనుకోండి.

అన్నీ మంచి కబుర్లే కావు. 2000 అక్టోబరులో హైదరాబాదు జూలోనే ఒక ఆడపులిని రాత్రివేళ చంపి, చర్మం ఒలుచుకుపోయారు. గేటుకు తాళం, కాపలా అన్నీ ఉండి కూడా. పులి చర్మానికి చాటుమాటుగా కొనేవాళ్ళున్నంత కాలం అడవేమిటి, జూ ఏమిటి! 2020 అక్టోబరు వానలకు మీరాలం చెరువు పొంగి నీళ్ళు సఫారీలోకి వచ్చాయి. మరుసటి సంవత్సరం మే నెలలో ఎనిమిది సింహాలకు కరోనా సోకింది. దగ్గు, ముక్కు కారడం. అచ్చం మన ఇళ్ళల్లో లాగే. సీసీఎంబీ శాస్త్రవేత్తలు పరీక్షించి నిర్ధారించారు. మన దేశంలో జంతువులకు ఆ జబ్బు తేలడం అదే మొదలు. అదృష్టం బాగుండి అన్నీ కోలుకున్నాయి. వాటికి మనిషి దగ్గర్నుంచే వచ్చి ఉంటుందనుకున్నారు. ఊచలు పట్టుకుని ముఖం దగ్గర పెట్టి చూసే రోజులే అయితే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఇక మూషిక జింక సంగతి. జరిని పంది అని కూడా అంటారు. పంది కాదు, నిజానికి అసలు జింకా కాదు. మూడు నాలుగు కిలోలుంటుంది, మీ చంటివాడి బరువు. కొమ్ములుండవు. ఒంటి మీద తెల్లని చుక్కలు, చారలు. నల్లమలలో ఉండేది, వేటకీ, అడవి తరుగుదలకీ బాగా తగ్గిపోయింది. 2010లో హైదరాబాదు జూలో సీసీఎంబీ వాళ్ళతో కలిసి కొద్ది జంతువులతో పెంపకం మొదలుపెట్టారు. మహా పిరికి ప్రాణి, అలికిడైతే బెదిరిపోతుంది. అందుకని సందర్శకుల సందడికి దూరంగా ఉంచారు. దాణా పెట్టేవాళ్ళే గుట్టుగా వచ్చిపోవాలి. ఈతకి సాధారణంగా ఒక్కటే కూన. అయినా ఓపిక పట్టగా పట్టగా సంఖ్య రెండు వందలు దాటింది. 2017లో ఎనిమిదింటిని ఆమ్రాబాదు పులుల అభయారణ్యానికి తీసుకెళ్ళారు. ముందు అక్కడి చుట్టుకంచెలో ఉంచి, అడవి తిండికి అలవాటు చేశారు.

అరవై ఏళ్ళ జూ చరిత్రలో ఇంతకంటే పెద్ద కబురు నాకు కనబడదు. చిత్రమేమిటంటే, టిక్కెట్టు కొని లోపలికెళ్ళిన మనకెవరికీ అది కనబడలేదు.

ఈసారి వెళ్ళేటప్పుడు ఎండెక్కకముందే చేరుకోండి, చల్లటి పొద్దున పులి లేచి తిరిగే అవకాశం ఎక్కువ. కందకం దగ్గర పిల్లల్ని కేకలు వేయనివ్వకుండా కాసేపు నిలబడండి. మీ పల్లీలు, బిస్కెట్లు మీ పిల్లలకే పెట్టండి. సోమవారం మాత్రం బయల్దేరకండి, ఆ రోజు జూకి సెలవు.