పత్రిక, ప్రకటన, పాఠకుడు: 'ఇండియన్ ఒపీనియన్' అనుభవం

పత్రికల చరిత్ర రాసేవారు తరచుగా మూడు సంగతులు చెప్పి ఊరుకుంటారు. పత్రిక ఎప్పుడు పుట్టింది, సంపాదకుడెవరు, ఎప్పుడు ఆగిపోయింది. ఇవి తెలియవలసినవే. కాని ఒక పత్రిక సమాజంలో ఏ పక్షాన నిలబడిందో ఇవి చెప్పవు. అందుకు వేరే మూడు ప్రశ్నలు వేయాలి. దాన్ని ఎవరు చదివారు? చదివినవాళ్ళు తిరిగి మాట్లాడితే ఎవరు విన్నారు? దాని ఖర్చు ఎవరు భరించారు? ఇవి విడివిడి ప్రశ్నల్లా కనిపిస్తాయి గాని, ఒకదానికి సమాధానం చెబితే మిగతా రెండింటికీ చెప్పక తప్పదని నా అభిప్రాయం. ఈ అభిప్రాయాన్ని బలపరచడానికి ఒక పత్రిక చరిత్రను ఇక్కడ పరిశీలిస్తాను. అది దక్షిణాఫ్రికాలో గాంధీ నడిపిన 'ఇండియన్ ఒపీనియన్'.

ఈ పత్రికనే ఎందుకు ఎన్నుకున్నానో చెప్పాలి. పేరుకు సంపాదకులు వేరే ఉన్నా, ఆచరణలో అది ఒక వ్యక్తి తన అభిప్రాయాల కోసం, చాలాభాగం తన సంపాదనతో నడిపిన పత్రిక. ప్రకటనలు వద్దనుకునే పత్రికలకు అది నేటికీ ఆదర్శం. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ పత్రిక అచ్చయిన నేలమీద వేలాదిమంది తెలుగు కూలీలు బతికారు. ఆ పత్రికలో మాత్రం తెలుగు విభాగం లేదు. ఈ సంగతిని గురించి మన పత్రికా చరిత్రలు మాట్లాడినట్టు కనిపించదు.

1

'ఇండియన్ ఒపీనియన్' 1903 జూన్‌లో డర్బన్ నగరంలో వెలువడింది. ముద్రణాలయం మదన్‌జీత్ వ్యవహారిక్‌ది. మొదటి సంపాదకుడు మన్‌సుఖ్‌లాల్ నాజర్. ఇంగ్లీషు, గుజరాతీ, తమిళం, హిందీ భాషల్లో ఒకే వారపత్రిక. అప్పటికి గాంధీ జొహానెస్‌బర్గ్‌లో మంచి ఆదాయమున్న న్యాయవాది. పత్రిక నష్టాలు పూడ్చడానికి ఒక దశలో నెలకు 75 పౌన్లు పంపవలసి వచ్చిందని తన ఆత్మకథలో రాసుకున్నాడు. 1904లో మదన్‌జీత్ స్వదేశానికి వెళ్ళిపోతూ ముద్రణాలయాన్ని గాంధీకి అప్పగించాడు.

ఆ సంవత్సరమే రస్కిన్ పుస్తకం చదివిన ప్రభావంతో గాంధీ డర్బన్‌కు ఉత్తరాన ఫీనిక్స్ అనే చోట 100 ఎకరాల భూమి కొని ముద్రణాలయాన్ని అక్కడికి తరలించాడు. సంపాదకుడికీ అచ్చుపని చేసేవాడికీ ఒకే భృతి, నెలకు 3 పౌన్లు. ఫీనిక్స్ నుంచి మొదటి సంచిక 1904 డిసెంబరు 24న వెలువడింది. ఆ రాత్రి ఆయిల్ ఇంజను మొరాయించింది. ఇల్లు కట్టడానికి వచ్చి అక్కడే పడుకున్న వడ్రంగులను లేపి, అందరూ వంతులవారీగా చేతులతో చక్రం తిప్పి సంచిక తెచ్చారు. సంపాదకుడికీ వడ్రంగికీ మధ్య ఉన్న గీత ఆ రాత్రి ఫీనిక్స్‌లో చెరిగిపోయింది. ఫీనిక్స్ బయట ఆ గీత చెరిగిందా అన్నదే అసలు ప్రశ్న.

2

మొదట ఖర్చు సంగతి చూద్దాం. తొలి సంవత్సరాల్లో ఈ పత్రిక ప్రకటనలు తీసుకున్నది. బయటి అచ్చుపనులు కూడా చేసింది. 1912లో ప్రకటనలు పూర్తిగా మానుకున్నది. ఎందుకు మానుకున్నారో గాంధీ 'దక్షిణాఫ్రికా సత్యాగ్రహం' గ్రంథంలో వివరించాడు. ప్రకటనలు సేకరించడానికి, బాకీలు వసూలు చేయడానికి పనివాళ్ళ కాలం ఖర్చయ్యేది. ఏ ప్రకటన వేయాలి, ఏది మానాలి అన్నది ఎప్పుడూ చిక్కే. అభ్యంతరకరమైన ప్రకటనైనా ఇచ్చినవాడు సంఘంలో పెద్దమనిషైతే కాదనడం కష్టం. పైగా ప్రకటన ఇచ్చినవాళ్ళకు ముఖస్తుతి చేయవలసి వచ్చేది.

గాంధీ ఇక్కడ ప్రకటన వల్ల వచ్చే అబద్ధాన్ని గురించి కంటే, దానివల్ల వచ్చే మొహమాటాన్ని గురించి ఎక్కువ మాట్లాడుతున్నాడు. ఇది అనుభవం మీద తెలిసే సంగతి. మా ఊళ్ళో మిత్రులం కొందరం రెండేళ్ళపాటు ఒక చిన్న పత్రిక తెచ్చాం. వెనక అట్టమీద ప్రకటన ఇచ్చిన ఒక మిల్లు యజమాని మమ్మల్ని ఏనాడూ ఏమీ అడగలేదు. హమాలీల మీద కథ వచ్చినప్పుడు మాత్రం, దాన్ని వచ్చే సంచికకు ఉంచుదామని మాలో ఒకరు మెల్లగా అన్నారు. ఆ వచ్చే సంచిక రాలేదు. యజమాని నోరు విప్పకుండానే పని జరిగిపోయింది. పత్రికలను ప్రకటనకర్తలు శాసిస్తారంటే చాలామంది ఫోనులో వచ్చే బెదిరింపు అనుకుంటారు. అంతకు ముందే సంపాదకుడి మనసులో జరిగే సర్దుబాటే అసలైన శాసనం.

కనుక 1912 నిర్ణయం గొప్ప నిర్ణయమే. దాని ఫలితం ఒకటి ఉంది. ప్రకటన లేని పత్రిక చందాదారుడి మీద ఆధారపడాలి. పత్రిక తమకు అవసరమని పాఠకులు భావించకపోతే అది ఆగిపోవడమే న్యాయమని గాంధీ భావించాడు. ఉద్యమం ఉచ్ఛదశలో చందాదారులు 3,500 వరకు పెరిగారు. పత్రిక చదవగలిగిన భారతీయులు అక్కడ 20,000కు మించరని గాంధీ లెక్క. ఆ లెక్కన ఇది చిన్న సంఖ్య కాదు.

అయితే ప్రకటనలు పోయినంత మాత్రాన వర్తకవర్గం మీద ఆధారం పోయిందా? ఆ సంవత్సరమే ఫీనిక్స్ ఆస్తిని, ముద్రణాలయాన్ని ధర్మకర్తల కిందికి తెచ్చారు. ధర్మకర్తలు ఐదుగురు: డర్బన్ వర్తకులు ఉమర్ హాజీ ఆమద్ జోహారీ, పార్సీ రుస్తుంజీ, వాస్తుశిల్పి కాలెన్‌బాక్, న్యాయవాది రిచ్, రంగూన్‌లో స్థిరపడిన ప్రాణ్‌జీవన్ మెహతా. వీరి త్యాగాన్ని నేను శంకించడం లేదు; రుస్తుంజీ జైలుకు వెళ్ళినవాడు. కాని చెరకు తోటలో పనిచేసినవాడు, చేసినవాడి కొడుకు ఈ ఐదుగురిలో ఒక్కడూ లేడు. వర్తకుడు ప్రకటనకర్తగా బయటికి వెళ్ళి ధర్మకర్తగా లోపలికి వచ్చాడు. ముఖస్తుతి పోయింది, నిజమే. వర్గ సంబంధం పోలేదు.

3

ఇక పాఠకుల మాట. తనకు వచ్చిపడే ఉత్తరాలను గురించి గాంధీ ఆత్మకథలో ప్రత్యేకంగా చెప్పాడు. కొన్ని స్నేహపూర్వకమైనవి, కొన్ని విమర్శలు, కొన్ని చేదైనవి. వాటిని చదవడం, జీర్ణించుకోవడం, జవాబులివ్వడం తనకు గొప్ప చదువైందన్నాడు. సంపాదకుడు పాఠకుడికి గురువన్నది ఆ కాలపు సాధారణ భావన. పాఠకుడి ఉత్తరం సంపాదకుడికి చదువు అనడం అంతకంటే ముందడుగు.

ఈ రాకపోకల్లోంచే ఒక పెద్ద మాట పుట్టింది. 1906 సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గ్ ఎంపైర్ థియేటర్ సభలో మొదలైన పోరాటానికి తగిన పేరు లేదు. ఇంగ్లీషులో దానికున్న పేరు బలహీనుల ఆయుధమన్న అర్థం ఇస్తున్నదని గాంధీకి అసంతృప్తి. 1907 చివర పత్రికలో బహుమతి ప్రకటించి పాఠకులను పేర్లు పంపమన్నారు. మగన్‌లాల్ గాంధీ 'సదాగ్రహ' అని సూచించాడు. దాన్ని గాంధీ 'సత్యాగ్రహ'గా సవరించాడు. దేశచరిత్రను మలుపు తిప్పిన మాట ఒక వారపత్రికలో పాఠకుల పోటీనుంచి వచ్చిందన్నది సాహిత్య విద్యార్థులు గుర్తుంచుకోదగిన విషయం. గెలిచినవాడు ఫీనిక్స్ లోపలివాడే, గాంధీ బంధువే అన్నది కూడా గుర్తుంచుకోవాలి. పిలుపు అందరికీ వెళ్ళింది. జవాబు ఇల్లు దాటి ఎంతో దూరం పోకుండానే దొరికింది.

1909 నవంబరులో ఓడ ప్రయాణంలో రాసిన 'హింద్ స్వరాజ్' కూడా మొదట ఈ పత్రికలోనే, డిసెంబరు సంచికలు రెండింటిలో వచ్చింది. దాని రూపం కూడా పాఠకుడూ సంపాదకుడూ మాట్లాడుకోవడమే. 1910లో బొంబాయి ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. అదే సంవత్సరం వచ్చిన ఇంగ్లీషు అనువాదం మీద హక్కులేవీ తనకు అక్కరలేదని గాంధీ అచ్చువేయించాడు. తన రాతను ఎవరైనా తీసుకోవచ్చు, వేసుకోవచ్చు. ఇదంతా ఉదారమైన వైఖరి. కాని ఉత్తరం రాయడానికి అక్షరం కావాలి. ఆ అక్షరం పత్రిక అచ్చువేసే భాషలో ఉండాలి. మనం ఇప్పుడు చదవలేనివాళ్ళ దగ్గరికి వెళ్ళాలి.

4

1860 నవంబరు 16న 'ట్రూరో' ఓడ మద్రాసు నుంచి మొదటి ఒప్పందపు కూలీలతో డర్బన్ చేరింది. 1911 వరకు అలా వెళ్ళినవాళ్ళు సుమారు 1,52,000 మంది. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచి వెళ్ళినవారే. అంటే ప్రధానంగా తమిళులు, తెలుగువాళ్ళు. మన విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల పల్లెలనుంచి వెళ్ళినవాళ్ళు నేటాల్ చెరకు తోటల్లో వెన్ను వంచారు. ఒప్పందం మొదటి ఏడు నెలజీతం 10 షిల్లింగులు.

ఒప్పందం తీరాక అక్కడే ఉండిపోదలచుకున్నవాడి మీద 1895 చట్టం ప్రకారం ఏటా 3 పౌన్ల తలపన్ను. ఆడవాళ్ళ మీదా, పిల్లలు కాస్త ఎదిగితే వాళ్ళ మీదా వేరువేరుగా పన్నే. 3 పౌన్లంటే ఒప్పందపు మొదటి ఏటి లెక్కలో ఆరు నెలల జీతం. ఇక్కడ ఇంకో లెక్క చూడండి. 1894లో స్థాపించిన నేటాల్ ఇండియన్ కాంగ్రెసుకు కనీస చందా నెలకు 5 షిల్లింగులు, అంటే ఏడాదికి సరిగ్గా 3 పౌన్లు. వర్తకుడు రాజకీయంలో కూర్చోవడానికి ఇచ్చుకోగలిగిన మొత్తమే, కూలీ నేలమీద నిలబడడానికి చెల్లించలేక జైలుకు పోయిన మొత్తం. ఏ సిద్ధాంత గ్రంథమూ అక్కర లేకుండా వర్గమంటే ఏమిటో ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

అటువంటిచోట 1906 తొలినాళ్ళలో పత్రికలో తమిళ, హిందీ విభాగాలు ఆపివేశారు. తగిన సంపాదకులు, కంపోజిటర్లు దొరకలేదన్నది కారణం. అది అబద్ధమని నేననను. టైపు కూర్చే మనిషి లేకపోతే పత్రిక ఆగడం చిన్న పత్రికలు నడిపినవారికి తెలియని కష్టం కాదు. కాని మిగిలిన భాషలేవి? పాలకులు చదివే ఇంగ్లీషు, చందాలు కట్టే వర్తకులు చదివే గుజరాతీ. మనుషులు చాలనప్పుడు ఏ భాష పోయిందన్నదాన్నిబట్టి పత్రిక ఎవరిదో తెలుస్తుంది. తెలుగు ఆపివేయడానికైనా అక్కడ ఎప్పుడూ లేదు.

ఈ ఖాళీని చూసినవాళ్ళు ఆనాడే ఉన్నారు. పి. ఎస్. అయ్యర్ 1908లో డర్బన్‌లో 'ఆఫ్రికన్ క్రానికల్' అనే పత్రిక ఇంగ్లీషు, తమిళ భాషల్లో ప్రారంభించాడు. 3 పౌన్ల పన్నుకు వ్యతిరేకంగా, గాంధీ ఆ సమస్యను సత్యాగ్రహంలో చేర్చకముందే ఆందోళన నడిపాడు. గాంధీని ఘాటుగా విమర్శించాడు కూడా. ఇంకో పొరుగు కూడా ఉంది. 'ఇండియన్ ఒపీనియన్' పుట్టిన 1903లోనే జాన్ డూబే జూలూ ప్రజల కోసం 'ఇలాంగా లాసె నటాల్' స్థాపించాడు. అతని ఓలాంగే పాఠశాల ఫీనిక్స్‌కు సమీపంలోనే ఉంది. ఒకే పాలకుల కింద నలిగిన రెండు జాతుల పత్రికలు ఇరుగుపొరుగున ఉండి కూడా ఒకే పాఠకుణ్ణి ఊహించుకోలేదు.

పత్రిక తన అసలు పాఠకుణ్ణి చూసింది 1913లో. 3 పౌన్ల పన్ను రద్దు ఆ ఏడు సత్యాగ్రహ కోరికల్లో చేరింది. న్యూకాసిల్ బొగ్గు గనుల కూలీలు సమ్మెకు దిగారు. నవంబరు 6న గాంధీతో ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటిన యాత్రలో 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు. సమ్మె తీరప్రాంతపు చెరకు తోటలకు పాకింది. 1914లో పన్ను రద్దయింది. వర్తకుల వినతిపత్రాలు ఎన్నో ఏళ్ళు సాధించలేనిది పత్రిక చదవలేనివాళ్ళు కొద్ది వారాల్లో సాధించారు. సమ్మె వచ్చాక పత్రికలో తమిళ, హిందీ పుటలు మళ్ళీ కొద్ది నెలలపాటు కనిపించాయి. కూలీ చరిత్రలోకి వస్తే అతని భాష పత్రికలోకి వచ్చింది. అతను తిరిగి తోటలోకి వెళ్ళగానే అదీ వెళ్ళిపోయింది.

ఒక మాట గాంధీ పక్షాన చెప్పకపోతే అన్యాయమవుతుంది. పత్రిక వచ్చిన రోజు ఒకడు చదువుతుంటే చుట్టూ కూర్చుని మిగతావాళ్ళు వినేవారని ఆయన రాశాడు. చందా ఒక్కడే కట్టలేక నలుగురు కలిసి కట్టుకోవడమూ ఉంది. చందాదారుల సంఖ్యలో కనిపించని శ్రోతలు పత్రికకు ఉన్నారన్నమాట. కాని వినేవాడికి భాష అర్థం కావాలి గదా.

5

గాంధీ 1914 జూలైలో దక్షిణాఫ్రికా వదిలాడు. పత్రికను తర్వాత ఆయన కుమారుడు మణిలాల్ 1956లో మరణించేవరకు, ఆపైన సుశీలా గాంధీ నడిపారు, 1961లో ఆగిపోయింది. నేటాల్ తెలుగువాళ్ళు 1931లో తమ ఆంధ్ర మహాసభను తామే స్థాపించుకుని భాషను నిలుపుకోవడానికి ప్రయత్నించారు.

ఈ కాలంలోనే మనదగ్గర కాశీనాథుని నాగేశ్వరరావు వేరే దారి తొక్కాడు. అమృతాంజనం వ్యాపారపు ఆదాయంతో 1908లో బొంబాయినుంచి ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చి, 1914లో మద్రాసునుంచి దినపత్రిక చేశాడు. ఒకరు ప్రకటనే వద్దన్నారు. ఒకరు తన సరుకు ఆదాయంతోనే పత్రికను నిలబెట్టారు. ఏ దారి పవిత్రమైనదన్న చర్చతో మనం తృప్తి పడకూడదు. ఇద్దరినీ అడగవలసింది ఒకటే: డబ్బు ఎటునుంచి వచ్చినా, పత్రిక ఎవరికి అందింది?

నేడు మన చిన్న పత్రికలు చాలావరకు ప్రకటనలు తీసుకోవు. అది గర్వించదగినదే. కాని రచయితలు రాసి, రచయితలే చందా కట్టి, రచయితలే ఉత్తరాలు రాసుకునే పత్రిక ప్రకటనలు లేనంత మాత్రాన ప్రజల పత్రిక కాదు. వెనక అట్ట ఖాళీగా ఉంచుకోవడంతో సగం పనే అయింది. హమాలీ మీద కథ వేసినప్పుడు అది హమాలీకి చదివి వినిపించామా, విని అతనన్న మాటను వచ్చే సంచికలో వేశామా అన్నది మిగతా సగం. ఫీనిక్స్‌లో చేతులతో చక్రం తిప్పినవాళ్ళకు మొదటి సగం తెలిసింది. రెండోది నేర్పడానికి సమ్మె రావలసి వచ్చింది. మనం అంతవరకు ఆగనక్కరలేదు.