వారాలు పెట్టిన పేట

బెంగుళూరు హాస్టళ్లలో ఉండే తెలుగు పిల్లలు చిక్కపేటకు ముఖ్యంగా రెండు పనుల మీద వస్తారు. కాలేజీలో ఎథ్నిక్ డే ఉందంటే స్నేహితులతో కలిసి పంచె, లాల్చీ, చవకలో ఒక పట్టుచీర వెతుక్కోవడానికి. ఇంట్లో అక్క పెళ్లి కుదిరితే, హిందూపురం నుంచో మదనపల్లె నుంచో వచ్చిన అమ్మానాన్నల వెంట సంచులు మోయడానికి. అదే వీధి, అవే దుకాణాలు. కానీ కాలేజీ బతుకు వేరు, ఇంటి బతుకు వేరు అన్నట్టు ఆ రెండు రాకలూ ఒకదానితో ఒకటి కలవవు. ఈ ఎడం మొదటినుంచీ ఉన్నది కాదు. నూట నలభై ఏళ్ల కిందట బెంగుళూరులో కాలేజీ కుర్రవాడి భోజనం, పడక, పండగ చాలావరకు ఏదో ఒక ఇంటి గడప లోపలే ఉండేవి.

ఆ గడపలున్న పేట పాతది. 1537లో బెంగుళూరు నాయకుడు కెంపేగౌడ ఇక్కడ మట్టికోట కట్టి, నాలుగు దిక్కులకూ నాగళ్లు తోలించి, ఆ చాళ్ల వెంబడే వీధులు వేయించాడని ఊరి కథ. దొడ్డపేట, చిక్కపేట కలిసే కూడలి ఆ నాగళ్లు కదిలిన చోటేనని ఇప్పటికీ చెప్పుకుంటారు. చుట్టూ మామూలుపేట, నగర్తపేట, బళేపేట, తిగళరపేట. మగ్గం నమ్ముకున్న దేవాంగులు, తొగటవారు, దుకాణాలు నడిపే ఆర్యవైశ్యులు, బలిజలు చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడుకునేవారు. కింద అంగడి, వెనక మగ్గం, పైన కాపురం. ఇంటికీ పనికీ మధ్య తలుపు కూడా ఉండేది కాదు.

దొడ్డపేటే నేటి అవెన్యూ రోడ్డు. దాని ఉత్తరపు కొసన మైసూరు బ్యాంకు కూడలి, అది దాటగానే సెంట్రల్ కాలేజీ. 1858లో బెంగుళూరు హైస్కూలుగా మొదలై, 1875లో సెంట్రల్ కాలేజీ అయింది. డిగ్రీలిచ్చేది మద్రాసు విశ్వవిద్యాలయం. పేటలో అన్నం తిని బయలుదేరినవాడు మొదటి గంట కొట్టేలోపు నడిచి చేరుకోగల దూరం.

ఆ కాలేజీకి వచ్చినవాళ్లలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఒకరు. వంశం మూలాలు గిద్దలూరు దగ్గరి మోక్షగుండంలో, పుట్టింది చిక్కబళ్లాపురం దగ్గర ముద్దేనహళ్లిలో. చిన్నతనంలోనే తండ్రి పోతే బెంగుళూరులో మేనమామ రామయ్య ఆదుకున్నారు. అది చాలక ఆ కుర్రవాడు ఒక ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పి ఖర్చులు గడుపుకున్నాడు. ప్రిన్సిపాల్ చార్లెస్ వాటర్స్ ఆయన చదువు చూసి ముచ్చటపడి తన వెబ్‌స్టర్ నిఘంటువును బహుమానంగా ఇచ్చారు. 1881లో బి.ఎ. ఆ చదువు వెనక ఒక మేనమామ ఇల్లు ఉంది, జీతమిచ్చిన ఇంకో ఇల్లు ఉంది, ఒక గురువు అభిమానం ఉంది. హాస్టలు గది లేదు.

మేనమామ లేనివాళ్లకు వారాలుండేవి. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట, అలా ఏడు ఇళ్లు కుదుర్చుకుంటే పరీక్షలయ్యేదాకా తిండికి లోటుండదు. మైసూరు సంస్థానంలోనూ, మన కోస్తా, రాయలసీమ పట్టణాల్లోనూ ఎందరో పేద విద్యార్థులు ఇలాగే గట్టెక్కారు. వారాలబ్బాయి పెరట్లో కాళ్లు కడుక్కుని పంక్తిలో కూర్చునేవాడు. ఆ ఇంటి చిన్నపిల్లలకు ఎక్కాలు అప్పజెప్పించేవాడు. తద్దినానికి నీళ్లు తోడేవాడు, పెళ్లికి విస్తళ్లు వేసేవాడు. పండగకి తన ఊరు వెళ్లలేకపోయినా ఏదో ఒక ఇంట్లో బొబ్బట్టు అతని ఆకులో పడేది. ఒంగోలులో టంగుటూరి ప్రకాశం తల్లి సుబ్బమ్మగారు పూటకూళ్ల ఇల్లు నడిపి కొడుకును చదివించారు. ఆ కాలపు చదువులన్నింటి వెనకా ఏదో ఒక వంటింటి పొగ ఉంది.

అయితే దీన్ని గొప్పగా చెప్పుకుని ఊరుకుంటే అన్యాయం. వారాలు కులం గడప దాటలేదు. బ్రాహ్మణ కుర్రవాడికి ఏడిళ్లు దొరికేవి. నేతపని వారి పిల్లవాడికి, రైతు కొడుకుకి, దళిత విద్యార్థికి ఆ పంక్తిలో చోటు లేదు. వారాలు దొరికినవాడికైనా పడిన అవమానాలు తక్కువేం కాదు. ఆలస్యంగా వెళ్తే చల్లారిన అన్నం, ఇంట్లో మైల వస్తే ఆ రోజు పస్తు. అందుకే హాస్టళ్లు వచ్చాయి, రావలసే వచ్చాయి. గుబ్బి నుంచి వచ్చి మామూలుపేటలో వ్యాపారం చేసిన తోటదప్ప తన ఆస్తిని ధర్మానికి రాసి, రైల్వేస్టేషను దగ్గర యాత్రికులకు సత్రం, వీరశైవ విద్యార్థులకు ఉచిత హాస్టలు నడిచేలా చేశారు. 1906లో ఒక్కలిగర సంఘం పుట్టింది. తరవాత ఒక్కొక్క సమాజమూ తన పిల్లలకు తానే వసతి కట్టుకుంది. పేట వర్తకుడి డబ్బు చదువుకునే పిల్లల అన్నంగా మారిన ఈ చరిత్ర చీరల చరిత్ర కంటే గొప్పదని నా నమ్మకం.

వసతి వేరయ్యాక కాలేజీకి తనవైన పండగలు వచ్చాయి. సెంట్రల్ కాలేజీ మైదానంలో క్రికెట్, కాలేజీ డే నాటకాలు. 1917లో, అప్పటికి మైసూరు దివాను అయిన విశ్వేశ్వరయ్య చేతుల మీదుగా ఇంజినీరింగ్ కాలేజీ, 1946లో బసవనగుడిలో బి.ఎం. శ్రీనివాసయ్య పెట్టిన కాలేజీ. ఫ్రెషర్స్ డే, ఫేర్‌వెల్, రాత్రి తెల్లవార్లూ సాగే ఫెస్టులు ఆ దారిలోనే వచ్చాయి. ఊరు, కులం, భాష తెలియని పిల్లలు ఒకే వేదిక మీద డప్పు కొట్టడం అక్కడే సాధ్యమైంది. వారాల పంక్తి చేయలేని పని కాలేజీ మెస్ బల్ల చేసింది.

ఇక పేటలో తెల్లవార్లూ సాగే పండగ కరగ. చైత్ర పౌర్ణమి రాత్రి తిగళరపేట ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ, అంటే తలమీద మోసే మల్లెల కలశం, బయలుదేరుతుంది, చుట్టూ కత్తులు పట్టిన వీరకుమారులు. కాటన్‌పేటలో మస్తాన్ దర్గా దగ్గర ఆగి మళ్లీ కదులుతుంది. అర్ధరాత్రి అరుగుల మీద ముసలమ్మ నుంచి చంటిపిల్ల దాకా ఇంటిల్లిపాదీ మేలుకుని కూర్చుంటారు. ఫెస్టులో ఉన్నవాళ్లంతా ఒకే ఈడువాళ్లు. కరగ రాత్రి అరుగు మీద నాలుగు తరాలు ఉంటాయి. నాకు కనిపించే అసలు తేడా ఇదే.

పెళ్లి చీరల దుకాణంలోనూ ఆ నాలుగు తరాలే. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద అవ్వ, అమ్మ, పెద్దమ్మ, పెళ్లికూతురు. తెలుగు వినగానే దుకాణం కుర్రవాడు "కూర్చోండక్కా, ధర్మవరం చూపించమంటారా, కంచి చూపించమంటారా" అంటూ మడత విప్పి అంచును తన భుజానే వేసుకుంటాడు. అవ్వ జరీని వేలితో రుద్ది చూస్తుంది, వెలుతురులోకి తెమ్మంటుంది. పెట్టుబడి చీరల లెక్క మాత్రం అమ్మ నోటినే ఉంటుంది: మేనత్తలకు, తోడికోడళ్లకు, వియ్యపురాలికి. చుట్టరికమంతా అక్కడ పేర్లతో సహా వినవచ్చు. హాస్టలు పిల్లలు వినకపోతే తరవాత చెప్పేవాళ్లుండరు.

హాస్టల్లో ఉండే మన పిల్లలకు ఇంటి పండగకు చేరడమూ కష్టమే, ముఖ్యంగా సంక్రాంతికి. మనకు భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులు. కర్ణాటకలో సెలవు ఒక్క రోజు. రాత్రి బస్సెక్కి ఊరు చేరి, ముగ్గు ఆరకముందే తిరుగు బస్సెక్కాలి. ఇంజినీరింగ్ చదివేవారిలో ఎక్కువమంది 1998లో విశ్వేశ్వరయ్య పేరు మీద పెట్టిన విశ్వవిద్యాలయం కిందివారే. తెలుగు పిల్లలు వేలమంది చదివే కాలేజీలు ఆ మూడు రోజుల చుట్టూ ఇంటర్నల్ పరీక్షలు పెట్టకుండా ఉంటే చాలు, అదనపు సెలవు కూడా అక్కర్లేదు.

తల్లిదండ్రులకూ ఒక మాట. చిక్కపేటకు పెళ్లి బజారుకు వచ్చినప్పుడు మీ పిల్లవాణ్ని సంచులకోసం మాత్రమే పిలవకండి. 2017 నుంచి చిక్కపేటలోనే మెట్రో స్టేషను ఉంది, హాస్టలు నుంచి రావడం కష్టం కాదు. చీరలు కొన్నాక అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల కొట్ల మీదుగా సెంట్రల్ కాలేజీ దాకా వాడితో నడవండి. వాడి స్నేహితులనూ వెంట రమ్మనండి, మధ్యాహ్నం అందరికీ మీరే అన్నం పెట్టించండి.