క్యాంటీన్ పక్క మట్టిలో దొరికిన తీపి

గురువారం సాయంత్రానికి ఇంకా అర పేజీ ఖాళీ. గ్లూకోజు ఫ్రక్టోజుగా మారే కిటుకు పుస్తకాలకెక్కి 130 ఏళ్లు నిండాయని గుర్తొచ్చింది, బతికిపోయాను.

పుస్తకాలకెక్కకముందే అది బెల్లం పెనాల్లో గుట్టుగా సాగుతోంది. మరిగే చెరుకు రసంలో సున్నపు తేట పోసి తెట్టు తీస్తారు. సున్నం ఓ పిసరు ఎక్కువైతే బెల్లం నల్లబడుతుంది. ఆ క్షారం గ్లూకోజును కొంత ఫ్రక్టోజుగా తిప్పి, ఆపైన విరిచేస్తుంది. 1895లో లోబ్రి డి బ్రూయిన్, ఆల్బర్డా ఫాన్ ఎకెన్‌స్టైన్ అనే డచ్చి పెద్దమనుషులు ఈ మార్పును విడమరిచారు (ఆ పేర్లు పలికేసరికి పాకం ముదిరిపోతుంది).

1957లో మార్షల్, కూయి అనే పరిశోధకులు ఒక బ్యాక్టీరియా ఎంజైముతో ఆ పని చేయించారు. కాకపోతే దానికి పాషాణపు లవణం తోడుండాలి! తినే తిండిలో పాషాణమేమిటి? 1960ల్లో జపాన్‌లో తకసాకి అనే పరిశోధకుడు గోధుమ తవుడు మేసే బ్యాక్టీరియా స్ట్రెప్టోమైసిస్‌ను పట్టుకుని ఆ గండం దాటించారు.

నాకు ముద్దొచ్చే కథ అదే జపాన్ షికొకు దీవిది. వసన్‌బోన్ అనే సన్నటి చక్కెరకు పేరుపడ్డ కగావా సీమ. అక్కడి విశ్వవిద్యాలయంలో ఇజుమోరి కెన్ అనే ఆచార్యుడు ప్రకృతిలో అరుదుగా దొరికే చక్కెరల వెంటపడ్డారు. 1991లో ఆయనకు కావలసిన బ్యాక్టీరియా దొరికింది ఏ అడవిలోనో కాదు, వ్యవసాయ విభాగం క్యాంటీన్ దగ్గరి మట్టిలో. దాని ఎంజైము ఫ్రక్టోజులో మూడో కార్బన్ దగ్గరి అమరికను అటునుంచి ఇటు తిప్పుతుంది, అంతే. ముక్కుపుడక కుడినుంచి ఎడమకు మార్చుకున్నంత తేడా. పుట్టేది మాత్రం వేరే చక్కెర, అల్యులోజు. పంచదార తీపిలో 70 శాతం ఉంటుంది. ఒళ్లు దాన్ని పీల్చుకుంటుంది గానీ ఖర్చు పెట్టుకోలేక చాలావరకు మూత్రంలో వదిలేస్తుంది. గ్రాముకు 4 కేలరీలు రావలసిన చోట 0.4 వస్తాయి. ఎంజైము కూడా మొండిదే, ఫ్రక్టోజులో దాదాపు పావువంతు మార్చి అక్కడ ఆగిపోతుంది.

గ్లూకోజును ఫ్రక్టోజుగా తిప్పే అసలు కథకు మళ్లీ వద్దాం. ఇజుమోరికి ముందే, 1984లో, అమెరికాలో కోక్, పెప్సీ ఆ మార్పుతో తయారయ్యే మొక్కజొన్న సిరప్‌కు మారిపోయాయి. 2010లో కాల్‌టెక్‌లో మార్క్ డేవిస్ బృందం ఆ మార్పుకు ఎంజైమెందుకు, తగరం ఇరికించిన జియోలైట్ అనే సన్నరంధ్రాల ఖనిజం చాలునంది. 2025లో కోకాకోలా అమెరికాలో చెరుకు చక్కెర పానీయమూ తెస్తానంది. ఆ వార్త రాగానే డెస్కులో అందరికంటే ముందు నవ్వింది, అనకాపల్లి దగ్గర చెరుకు తోట ఉన్న సబ్ ఎడిటరు.