మందుచీటీ వ్రాయు హక్కు: దాని పూర్వచరిత్ర

రోగిని పరీక్షించి మందుచీటీ వ్రాయు హక్కు ఎవరిది? వైద్యపట్టభద్రునిదే యని మనలో పెక్కుమంది తలంతురు. చరిత్రను పరిశీలించినచో, ఈ హక్కు ఎన్నడును ఒక్కచోట నిలిచినది కాదనియు, శాసనములచేతను న్యాయస్థానముల తీర్పులచేతను చేతులు మారుచు వచ్చినదనియు తెలియగలదు. శస్త్రవైద్యమును, మంత్రసానితనమును కులవృత్తులుగా నెరపిన పూర్వులు గల మన నాయీబ్రాహ్మణ సోదరీసోదరులకు ఈ వృత్తాంతము ముఖ్యముగా వినదగినది. ఇంగ్లండు దేశపు చరిత్రను మేము ఇచట ఉదాహరణముగా గైకొనుచున్నాము.

1518వ సంవత్సరమున ఎనిమిదవ హెన్రీ రాజు లండను నగరమున వైద్యుల కళాశాలను నెలకొల్పెను. లోనికి పుచ్చుకొను మందులను నిర్ణయించుట ఆ వైద్యుల హక్కాయెను. 1540లో ఆ రాజు కాలముననే క్షురకులును శస్త్రవైద్యులును శాసనముచే ఒక్క సంఘముగా కూర్పబడిరి. గాయములు, వ్రణములు, ఎముకల విరుగుళ్లు వీరి పాలు; కడుపులోనికి మందిచ్చుట మాత్రము వీరి పాలు కాదు. చేతితో పనిచేయువానికంటె గ్రంథము చదివి చెప్పువాడు అధికుడను భావము అచ్చటను వేరూనియుండెను. 1745లో ఈ రెండు వర్గములును విడిపోయినవి. నేటికిని ఆ దేశమున శస్త్రవైద్యుని ‘డాక్టరు’ అనక ‘మిస్టరు’ అని పిలుచుట ఆ పాతకాలపు గురుతే.

మందులు నూరి యమ్ము ‘అపోతికరీ’లు మూడవ వర్గమువారు. వైద్యుడు వ్రాసినదానిని కలిపి యిచ్చుటయే వారి విధి. కాని వైద్యులు కొలదిమంది. వారి ప్రతిఫలమా హెచ్చు. కావున సామాన్యులు నేరుగా అంగడికే పోవుచుండిరి. విలియం రోజ్ అను అపోతికరీ, జాన్ సీల్ అను మాంసవిక్రేతకు వైద్యుని చీటీ లేకయే మందిచ్చెనని వైద్యకళాశాలవారు వ్యాజ్యము వేసిరి. న్యాయస్థానము రోజ్‌ను దోషిగా నిర్ణయించెను గాని, 1704లో ప్రభువుల సభ ఆ తీర్పును త్రోసివేసెను. నాటినుండి అపోతికరీలు రోగిని చూచి మందు నిర్ణయింపగలిగిరి. అయినను మందు వెల తీసికొనుటయే గాని, సలహాకు రుసుము కోరరాదు. సలహాకు ప్రతిఫలము లేనప్పుడు మందు లెక్కువగా నమ్మవలెనను ఆశ పుట్టుట సహజము గదా! 1815 నాటి శాసనము వారికి శిక్షణను, పరీక్షను, అనుమతిపత్రమును నియమించెను. 1858 నాటి శాసనముతో అర్హులైన వైద్యులందరికిని ఒకే పట్టిక యేర్పడెను. ఒకనాడు వైద్యులు కారని నిందింపబడినవారి పరంపరయే ఈనాటి కుటుంబవైద్యుల పరంపర.

ఇరువదవ శతాబ్దమున ఆ ప్రశ్నయే నర్సుల విషయమున మరల తలయెత్తెను. ఇండ్లకు పోయి పుండ్లు కడుగు నర్సు, ఏ కట్టు, ఏ లేపనము తగునో తానెరిగియు వైద్యుని సంతకమునకై వేచియుండవలసి వచ్చెడిది. 1986లో కంబర్లెజ్ సమితియు, 1989లో క్రౌన్ సమితియు ఈ నిర్బంధమును సడలింపవలెనని సూచించెను. 1992లో శాసనము వెలువడెను. 1994లో ఎనిమిది చోట్ల పరీక్షార్థము అమలుజరిగెను. మొదట కట్లు, లేపనములు మొదలగు చిన్న పట్టిక. 2006 నాటికి ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులును ఫార్మసిస్టులును తమ సామర్థ్యపు మేరలో దాదాపు అన్ని మందులను వ్రాయగలిగిరి.

మన దేశమున ఏమి జరిగినది? 1926లో మద్రాసు రాజధానిలో నర్సులను, మంత్రసానులను నమోదు చేయుటకు చట్టము వచ్చెను. అస్సాము ప్రభుత్వము 2004లో గ్రామసేవకై మూడేండ్ల వైద్యవిద్యను నెలకొల్పగా, 2014లో గౌహతి ఉన్నతన్యాయస్థానము ఆ చట్టమును కొట్టివేసెను. 2023లో సుప్రీముకోర్టు ఆ తీర్పును స్థిరపరచుచునే, ఆ పట్టాదారులకై 2015లో చేయబడిన వేరొక చట్టము చెల్లునని తేల్చెను. 2019 నాటి జాతీయ వైద్యకమిషను చట్టమందలి 32వ విభాగము, అర్హులైన మధ్యస్థాయి ఆరోగ్యసేవకులకు పరిమితమైన అనుమతి నొసగుటకు అవకాశము కల్పించినది. ప్రాథమిక, నివారక వైద్యమున మాత్రమే వారు నిర్ణీతమైన మందులను స్వతంత్రముగా వ్రాయవచ్చును. తక్కినచోట్ల వైద్యుని పర్యవేక్షణ ఆవశ్యకము.

ఈ చరిత్రవలన మనము గ్రహింపవలసినది స్పష్టము. ప్రజల అవసరము తలుపు తట్టును. కాని తలుపు తెరచునది శిక్షణయు, పరీక్షయు, శాసనమును. అనుభవ మెంత గొప్పదైనను, ఈ మూడింటి అండ లేనిచో పొరపాటు జరిగిన నాడు రోగి ప్రాణమునకును రక్షణ లేదు, మందిచ్చిన వానికిని రక్షణ లేదు. మన అవ్వల చేతిలోని నేర్పు మన మనుమరాండ్ర చేతిలో పట్టాగా మారవలెను. నర్సింగు, ఫార్మసీ విద్య లభ్యసించు బీదబాలబాలికలకు విద్యార్థివేతనము లొసగి తోడ్పడవలసినదిగా ఈ మహాసభకు విచ్చేసిన పోషకులను, పెద్దలను మేము సవినయముగా ప్రార్థించుచున్నాము.