దుమ్ము గొట్టంలో నిప్పురవ్వ

1914 వేసవిలో అమెరికా వాయవ్య రాష్ట్రాల గోధుమ పొలాల్లో నూర్పిడి యంత్రాలు ఒకదాని వెంట ఒకటి పేలి తగలబడ్డాయి. వ్యవసాయ శాఖ ఇంజనీరు డేవిడ్ జె. ప్రైస్ బృందం దర్యాప్తుకు వెళ్లింది. ఎండిన పైరులో కాటుక తెగులు పొడి దండిగా ఉంది. యంత్రం తిరిగే కొద్దీ ఆ పొడీ గడ్డీ ఇనుముతో రాసుకుని స్థిర విద్యుత్తు పోగవుతోంది. 1916లో అచ్చయిన నివేదికలో వారు రెండు ఉపాయాలు చెప్పారు: లోహపు భాగాలన్నిటినీ తీగతో కలిపి నేలలోకి దింపాలి, ఫ్యాను పెట్టి దుమ్మును లాగేయాలి. ఇవాళ్టి వడ్రంగి కార్ఖానాల్లో కనిపించే ఎర్త్ వైరు, డస్ట్ కలెక్టర్ జంట అప్పటికే అక్కడ ఉంది.

దుమ్ము పేలుతుందని లోకానికి తెలిసి అప్పటికి చాలా కాలమైంది. 1785 డిసెంబరులో ఇటలీలోని ట్యూరిన్‌లో ఒక రొట్టెల దుకాణం గోదాములో లేచిన పిండి దుమ్ము దీపానికి అంటుకుని పేలింది. 1878 మే 2న మినియాపొలిస్‌లోని వాష్‌బర్న్ పిండిమిల్లు పేలి 18 మంది చనిపోయారు. గింజ లేకుండా తిరిగిన రాళ్ల రాపిడిని అందుకు కారణంగా చెప్పారు. దీపం, రాయి కంటికి కనిపించేవి. కనిపించని రవ్వను అనుమానించడానికి ప్రైస్ లాంటివాళ్లు రావాల్సి వచ్చింది.

కొయ్య దుమ్మును లాగే ఫ్యాను కథ ఒక చెప్పుల పనివాడితో మొదలవుతుంది. బోస్టన్‌కు చెందిన బి.ఎఫ్. స్టర్టెవాంట్ బూట్లకు కొయ్య మేకులు దిగ్గొట్టే యంత్రాల మీద పనిచేస్తూ, ఆ దుమ్ము భరించలేక 1860లలో దాన్ని లాగే ఫ్యాను తయారుచేశాడు. 1885లో అమెరికాలోనే, గాలి నుంచి పొట్టును వేరుచేసే సైక్లోన్‌కు పేటెంటు వచ్చింది. అందులో గాలి సుడి తిరిగి పొట్టు కిందికి జారుతుంది. ఆ కాలపు గొట్టాలు ఎక్కువగా రేకువే. ఒకదానికొకటి బిగించిన రేకు గొట్టాలు ఇనుప యంత్రాల మీదుగా నేలను తాకుతూ ఉండేవి కాబట్టి, పుట్టిన విద్యుదావేశం పుట్టినట్టే దిగిపోయేది.

చిన్న షెడ్డుల దాకా ఈ ఏర్పాటు రావడానికి బలమైన కారణం ఊపిరి. ఇంగ్లండులో కుర్చీలకు పేరుపడ్డ హై వికంబ్ ఊరి కార్మికుల్లో అరుదైన ముక్కు క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తోందని ఎస్మే హాడ్‌ఫీల్డ్, ఆమె తోటి వైద్యులు గమనించారు. 1968లో ఆ పరిశోధన వెలువడింది. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కొయ్య దుమ్మును క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఇంటి వెనక షెడ్డులో పనిచేసుకునేవాళ్లకూ డస్ట్ కలెక్టర్ కావాల్సి వచ్చింది. రేకు గొట్టం ఖరీదు, చవకగా దొరికేది పీవీసీ. సమస్య రూపం మారింది ఇక్కడే.

1729లో స్టీఫెన్ గ్రే ఇంగ్లండులో చేసిన ప్రయోగాలు కొన్ని వస్తువుల గుండా విద్యుత్తు పారుతుందని, కొన్నిటి గుండా పారదని తేల్చాయి. పీవీసీ రెండో కోవది. దాని లోపలి గోడ మీద రంపపు పొడి రాసుకుని ఎక్కడ ఆవేశం పుడితే అక్కడే అది అంటిపెట్టుకుని ఉంటుంది. బయట చుట్టిన తీగలోకి లోపలి ఆవేశం నడిచిరాదు. అయినా ప్రైస్ నాటి ఉపాయాన్ని లోహం నుంచి ప్లాస్టిక్‌కు యథాతథంగా మోసుకొచ్చి, తీగ చుట్టేశాం, భయం తీరిందనుకున్నవాళ్లు లెక్కలేనంతమంది.

ప్లాస్టిక్ పైనుంచి ఎగిరే రవ్వ శక్తి మహా అయితే నాలుగు మిల్లీజౌళ్లు. సన్నని కొయ్య పొడి అంటుకోవడానికి సాధారణంగా పదుల మిల్లీజౌళ్లు కావాలి. పెట్రోలు ఆవిరికి పావు మిల్లీజౌల్ చాలు. పైగా ఘనమీటరు గాలికి దాదాపు 40 గ్రాముల పొడి మేఘంలా లేవాలి. చిన్న షెడ్డులో గొట్టం పేలుతుందనే భయం కన్నా, షాక్ తగిలి ఉలిక్కిపడ్డ చెయ్యి రంపం మీదికి పోతుందనే భయమే నాకు ఎక్కువ. బయటి తీగ ఆ షాక్‌ను తగ్గిస్తుంది. ఆ మేరకు దాన్ని మెచ్చుకుంటాను. పలచని ప్లాస్టిక్ గొట్టానికి నిలువునా లోహపు రేకు చుట్టడం మాత్రం నాకు నచ్చదు. ఒక పక్క లోహం, మధ్యలో పలచని ప్లాస్టిక్, అవతల ఆవేశం. ఆవేశాన్ని నిల్వచేసేందుకు 1740లలో పుట్టిన లైడెన్ జాడీ కూడా ఇలాంటిదే. ఆవేశం బాగా చేరితే జౌల్‌ను మించిన శక్తితో అది ఒక్కసారిగా విడుదల కాగలదు.

నిజంగా జాగ్రత్త పడాల్సింది ప్లాస్టిక్ మధ్య ఒంటరిగా మిగిలిన లోహం విషయంలో: పీవీసీకి బిగించిన ఇనుప గేటు, ముడతల గొట్టంలోని స్ప్రింగు తీగ, రబ్బరు చక్రాల మీద నిలిచిన డ్రమ్ము. పోగైన ఆవేశాన్నంతా ఇవి ఒకే రవ్వలో వదిలేస్తాయి. ఒక్కోదాన్నీ నేలకు కలపాలి. స్థిర విద్యుత్తు దిగడానికి అడ్డు పది లక్షల ఓమ్‌ల లోపు ఉంటే చాలు. గాలిలో తేమ ఉంటే బెడద తగ్గుతుంది కాబట్టి విజయవాడ ఉక్కపోతలో ఊరుకున్న గొట్టం హైదరాబాదు చలికాలపు పొడి గాలిలో చిటపటలాడవచ్చు.

2012 జనవరి 20న కెనడాలోని బర్న్స్ లేక్‌లో, ఏప్రిల్ 23న ప్రిన్స్ జార్జ్‌లో సామిల్లులు పేలి ఒక్కోచోట ఇద్దరు చనిపోయారు. పురుగు పట్టి ఎండిన పైను కలప కోస్తే వచ్చిన మెత్తటి పొడి మిల్లుల్లో పేరుకుపోయి ఉంది. నిప్పు పుట్టించింది మాత్రం స్థిర విద్యుత్తు కాదని, యంత్ర భాగాల రాపిడి వేడి అని దర్యాప్తులో తేలింది. రెండో పేలుడు తర్వాత అక్కడి కార్మిక భద్రతా సంస్థ సామిల్లులన్నీ దుమ్ము ప్రమాదాన్ని పరిశీలించుకోవాలని ఆదేశించింది.